గోల్‌కీపర్‌కి ఏసీ డ్యూటీ

ఆ రోజుల్లో కోపం రావడానికి నాకు పెద్ద కారణం అక్కర్లేదు, అచ్చులో ఒక కాగితం దొరికితే చాలు. చమురు ధర పెరిగి, ఖతర్‌లో ఎక్కడ ఖాళీ ఇసుక కనబడితే అక్కడ పైపులు పాతుతున్న కాలం అది. ఇప్పుడు మెసయీద్ అంటున్న ఊరిని అప్పుడు మేమంతా ఉమ్ సయీద్ అనేవాళ్ళం. అక్కడ ఒక కాంట్రాక్టు కంపెనీ స్టోర్స్‌లో గుమాస్తాగా కొత్తగా చేరాను. వెల్డింగ్ రాడ్లు, బోల్టులు, చేతి తొడుగులు అడిగినవాళ్ళకి ఇచ్చి సంతకం పెట్టించుకోవడం పని. నేను చదివింది ఇంటర్ వరకే. డిగ్రీ కాలేజీలో సీటు వచ్చింది గానీ ఫీజు కట్టడానికి ఇంట్లో దారి లేకపోయింది. ఆ కసి తీర్చుకోవడానికి తుని దగ్గర మా ఊరి శాఖా గ్రంథాలయంలో బీరువా తర్వాత బీరువా చదివేశాను (చివరి బీరువా తాళంచెవి పోయింది కాబట్టి అందులో ఏముందో మాత్రం ఈనాటికీ తెలియదు). దానివల్ల ప్రపంచంలో ఏ సంగతి మీదైనా నాకొక అభిప్రాయం ఉండేది. క్యాంపులో ఎక్కువమంది కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలవాళ్ళు. నన్ను 'పేపర్ తమ్మీ' అనేవాళ్ళు. అది గౌరవమే అనుకునేవాణ్ణి.

తెల్ల ఇంజనీర్ల క్వార్టర్ల దగ్గర చెత్తడబ్బా పక్కన పాత పత్రికల కట్టలు పెట్టేవారు. వారానికోసారి వెళ్ళి తెచ్చుకునేవాణ్ణి. అందులో ఒకదాంట్లో అమెరికా కాలేజీల ఫుట్‌బాల్ మీద పెద్ద వ్యాసం చదివి, ఆ రోజు అన్నం సరిగ్గా తినలేకపోయాను. అక్కడ బాగా ఆడే కుర్రాడుంటే కాలేజీలవాళ్ళే వాడి ఇల్లు వెతుక్కుంటూ వస్తారట. ఫీజు అడగరు సరికదా, చాటున కారు ఇస్తారట, నాన్నకి ఉద్యోగం చూపిస్తారట, అమ్మకి చీరలో, వాళ్ళు కట్టుకునేవేవో అవి, పెడతారట. ఆ కుర్రాడు ఎవరు ఎక్కువ పెడితే ఆ కాలేజీలో చేరతాడట. ఏ కాలేజీలో పాఠాలు బాగా చెబుతారన్న మాట ఆ వ్యాసం మొత్తంలో నాకు ఒక్కచోటా కనిపించలేదు. ఫీజు లేక కాలేజీ గేటు బయటి నుంచే చూసి వచ్చినవాడికి ఇది ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. పైగా ఫొటోలో ఆటగాళ్ళు మా సైటులో మాదిరి హెల్మెట్లు పెట్టుకుని, బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తుతున్నారు. కాలితో తన్నేవాడు ఒక్కడూ లేడు. ఆటకే అబద్ధం పేరు పెట్టుకున్నవాళ్ళకి చదువు దగ్గర నిజాయితీ ఎక్కణ్ణించి వస్తుందని వారం రోజులు క్యాంపులో దొరికినవాడికల్లా చెప్పాను. వాళ్ళు ఓపికగా విన్నారు. డ్యూటీ నుంచి వచ్చి అలిసిపోయిన మనిషి ఏదైనా ఓపికగానే వింటాడు.

మాకూ ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. ఎండలు తగ్గాక శుక్రవారాల్లో కంపెనీల మధ్య పోటీలు జరిగేవి. గెలిచిన జట్టుకి అర్బాబ్, అంటే ఆ కంపెనీలన్నిటికీ పూచీ ఉండే యజమాని, తన చేతులతో కప్పు ఇచ్చేవాడు. ఆ కప్పు కోసం ఫోర్‌మన్లు పడే తాపత్రయం పైపులైను పని మీద కూడా ఉండేది కాదు. మా జట్టుకి నేను మేనేజర్‌ని (ఎవరూ నియమించలేదు, గ్లూకోజు నీళ్ళు మోసేవాణ్ణి, రూల్సు చెప్పేవాణ్ణి, వద్దన్నవాళ్ళు లేరు). మా బలమంతా గోల్‌కీపర్. జగిత్యాల వైపు మనిషి, ఊళ్ళో కబడ్డీ ఆటగాడు. మొదట్లో బంతిని వదిలేసి దాన్ని తెచ్చినవాడి కాలు పట్టుకునేవాడు. ఆ అలవాటు మానిపించాక ఇక బంతి అతన్ని దాటి వెళ్ళలేదు. అందరూ గోడన్న అనేవాళ్ళు. గోడన్నది స్కాఫోల్డింగ్, అంటే ఇనప పైపులతో పరంజా కట్టే పని. ఎండాకాలంలో ఆ ఇనప పైపులు పొయ్యిలోంచి తీసినట్టుండేవి. తొడుగులు వేసుకున్నా అరచేతులు బొబ్బలెక్కేవి. సాయంత్రం తడిగుడ్డ చుట్టుకుని ఆ చేతులతోనే బంతి పట్టడం అభ్యాసం చేసేవాడు.

ఒకరోజు పక్క కంపెనీ క్యాంప్ బాస్ అతనికి కబురు పెట్టాడు. ఆయన ఈజిప్టువాడు, మావాళ్ళు మిస్రీ బాస్ అనేవారు. అదీ మా అర్బాబ్ కింది కంపెనీయే కాబట్టి ఇటునుంచి అటు మారడం ఒక్క సంతకంతో అయ్యే పని. తోడు రమ్మని గోడన్న నన్ను తీసుకెళ్ళాడు. మిస్రీ బాస్ మాకు చాయ్ పోయించి, గోడన్న భుజాలు తట్టి, అరచేతులు తిప్పి చూసి, నవ్వుతూ అన్నాడు: "ఫులూస్ మాఫీ. ఏసీ డ్యూటీ. తమామ్."

ఫులూస్ అంటే డబ్బులని, తమామ్ అంటే అంతా బాగని అప్పటికే తెలుసు. మాఫీ అంటే తెలియకపోవడమేమిటి, తెలుగు దేశంలో పుట్టినవాడికి శిస్తు మాఫీ, బాకీ మాఫీ తెలియకుండా ఉంటాయా. మా అందరికీ నెలనెలా మెస్ ఖర్చు జీతంలోంచి కోసేసేవారు. గోడన్న తమ జట్టులో చేరితే ఆ డబ్బులు మాఫీ చేస్తామంటున్నాడని నాకు క్షణంలో అర్థమైంది. చదివిన వ్యాసం కళ్ళముందే నడుచుకుంటూ వచ్చినట్టయింది. తిరిగి వస్తూ దారిలోనే అందుకున్నాను.

"ఏంటన్నా ఇది, ఆటని అమ్మేసుకుంటావా?"

"అమ్ముడేంది తమ్మీ. ఏసీల కూసోబెడ్తా అంటుండు గద."

"ఇన్నాళ్ళూ మన జట్టులో ఆడి, రేపు వాళ్ళ గోలు దగ్గర నిలబడతావా? మనవాళ్ళ మొహం ఎలా చూస్తావు?"

గోడన్న నడక ఆపాడు. "నువ్వు ఈడికెందుకొచ్చినవ్ తమ్మీ, గాలి మార్పుకా? పైపులు మోసి పైసలు తీస్కుంటె తప్పు లేదు. బంతి పట్టి నీడ అడిగితె తప్పొచ్చిందా? ఒక్క ఎండకాలం నీడకు కూసుంట. గీ చేతులు చూడు."

చూశాను. చూసి కూడా, సిద్ధాంతం వేరు, చేతులు వేరు అన్నాను. అతను నవ్వి ముందుకు నడిచాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర బెంచీ ఎక్కి (నిజంగానే ఎక్కాను) ఆట ఎలా పాడైపోతోందో వివరించాను. అమెరికా కాలేజీలతో మొదలుపెట్టి, పక్క కంపెనీ మన గోల్‌కీపర్‌కి మెస్ డబ్బులు మాఫీ చేస్తానని ఆశపెడుతున్న సంగతి దగ్గర ముగించాను. గోడన్న ఆ సమయానికి స్నానాల క్యూలో ఉన్నాడు. నేను ఊహించినట్టే హాలంతా నిశ్శబ్దమైపోయింది. జనానికి కోపం వచ్చిందనుకున్నాను.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే సగం క్యాంపు పక్క కంపెనీ గేటు ముందు నిలబడింది. అందరూ గోల్‌కీపర్లే. జన్మలో బంతి ముట్టని వాచ్‌మన్, నడుం నొప్పితో వంగలేని మేస్త్రీ, చివరికి మా వంటాయన కూడా వెళ్ళాడు. ఎండ నెత్తికెక్కే దాకా నిలబెట్టి వాళ్ళను పంపేశారట. వంటాయన నేరుగా నా బంకు మంచం దగ్గరికి వచ్చాడు.

"ఓ పేపర్ తమ్మీ, మాఫీ అంటే లేదట. పైసలు లేవు, ఏసీ ఒక్కటే ఇస్తడట. గీ మాట నువ్వు ఏ బుక్కుల చదివినవ్?"

అరబ్బీలో 'లేదు' అన్న మాట మన ఊళ్ళో 'వదిలేశాం' ఎలా అయిందో వివరించబోయాను గానీ, ఆయన చేతిలో గరిటె ఉంది. ఆ పూట నాకు పప్పులో నీళ్ళే వచ్చాయి.

ఈలోపు సగం క్యాంపు పక్క గేటు దగ్గరుందన్న వార్త మా ఫోర్‌మన్‌కి చేరింది. ఆయన మలయాళీ. మాతో ఆయనకు మాత్రమే అర్థమయ్యే హిందీ మాట్లాడేవాడు. నన్ను పిలిపించాడు. నేను ఆవేశంగా అంతా చెప్పాను. మన ఆటగాణ్ణి సంతలో ఎద్దును చూసినట్టు అరచేతులు తిప్పి చూశారని, అర్బాబ్‌కి ఫిర్యాదు చెయ్యాలని, పోటీల నుంచే వాళ్ళను తీసెయ్యాలని. ఆయనకి ఫిర్యాదు మీద ఆసక్తి కలగలేదు. వాళ్ళు ఇస్తామన్నది ఏసీయే కదా, అది మనమే ఇస్తే పోలేదా అన్నాడు. దొంగని పట్టిస్తే పోలీసు, నువ్వెంతకు అమ్ముతావని అడిగినట్టుంది. అప్పుడాయన, మన యార్డులో ఏసీ ఉన్నది ఎక్కడబ్బా అని ఆలోచిస్తూ నాతో స్టోర్స్ గదికి వచ్చాడు. కిటికీలో గుర్రుగుర్రుమంటున్న ఏసీని చూశాడు. దాని గాలి సరిగ్గా ఎక్కడ పడుతుందో అక్కడున్న నా కుర్చీని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"తుమ్ గోల్‌కీపర్ హై క్యా?"

"నహీ సార్."

"తో బాహర్."

అలా, డబ్బూ సుఖాలూ ఆటను పాడుచేస్తున్నాయని ఖతర్‌లో గొంతెత్తిన మొదటి తెలుగువాణ్ణి (రెండోవాడు ఎవరైనా ఉంటే నాకు తెలియదు) యార్డులో పైపులు లెక్కపెట్టే పనికి పడ్డాను. ఆగస్టు నెల. ఇసుక మీదినుంచి వచ్చే వేడికి చెప్పులు మెత్తబడేవి. పేపర్ చదువుదామంటే చెమట చుక్కలు పడి అక్షరాలు ఉబ్బేవి. లోపల నా కుర్చీలో గోడన్న కూర్చుని, అడిగినవాళ్ళకి బోల్టులిస్తూ, అరచేతులకి వెన్న రాసుకుంటూ ఉండేవాడు. కిటికీలోంచి నేను కనబడితే లోపలికి రమ్మని సైగ చేసేవాడు. నేను వెళ్ళేవాణ్ణి కాదు. సిద్ధాంతం ఒకటి ఉందిగా. ఎండలో నిలబడితే అది ఇంకా గట్టిపడుతుందనుకునేవాణ్ణి. గట్టిపడింది నా మెడ వెనక చర్మం.

ఆ ఏడు కప్పు మాకే వచ్చింది. ఫైనల్ చూడనని ఒట్టు పెట్టుకుని, నీళ్ళ ట్యాంకర్ చాటున నిలబడి చూశాను. నయమైన ఆ చేతులతో గోడన్న చివర్లో ఒక పెనాల్టీ ఆపితే, చాటు సంగతి మరిచి అరిచాను. గొంతు పోయింది. అర్బాబ్ దగ్గర కప్పు అందుకున్నది ఫోర్‌మన్. ఫొటోలో గోడన్న చెయ్యి ఒకటి పడింది.

మరుసటి ఏడు మాత్రం కథ తిరగబడింది. రోజంతా కుర్చీలో కూర్చుని, అడక్కుండానే వంటాయన రెండోసారి వడ్డిస్తుంటే (కప్పు తెచ్చినవాడాయె), గోడన్నకి పొట్ట వచ్చింది. పక్కకి దూకేలోపు బంతి వెళ్ళిపోయేది. మొదటి రెండు ఆటల్లోనే మేం ఇంటికి వచ్చేశాం. మిస్రీ బాస్ ఎదురుపడితే ముఖం తిప్పుకున్నాడట. ఎండలు మళ్ళీ మొదలవుతున్న వారంలో ఫోర్‌మన్ గోడన్నని స్కాఫోల్డింగ్‌కి, నన్ను స్టోర్స్‌కి మారుస్తూ ఆర్డరు వేశాడు.

నా కుర్చీ నాకు వచ్చింది కదా, సంతోషించాలి. అంతకు ముందు అమెరికా మీద వచ్చిన కోపం ఇప్పుడొచ్చినదాని ముందు ఎందుకూ పనికిరాదు. నేరుగా ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళాను. ఏడాదికి పైగా నీడన ఉన్న మనిషి, చేతులు మెత్తబడ్డాయి, ఒళ్ళు బరువెక్కింది, ఇప్పుడు ఎండలో పైకెక్కమంటే పడిపోతాడు, స్టోర్స్‌లో ఇద్దరికి సరిపడా పని ఉంది అని వాదించాను. ఆయన శాంతంగా విన్నాడు. గోల్ ఆపనివాడికి ఏసీ ఎందుకని అడిగాడు. ఆటగాణ్ణి కొన్నవాడికి, ఆట అయిపోయాక అతనొక మనిషని గుర్తుండదా అన్నాను. నా హిందీ ఆయనకి అర్థం కాలేదో, అయిందో, చెయ్యి ఊపేశాడు.

తిరిగి వచ్చేసరికి గోడన్న బల్ల మీది దుమ్ము తుడుస్తున్నాడు. తన తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

"కూసో తమ్మీ. సల్లగ చేసి పెట్టిన."

కోపంతోనే కూర్చున్నాను. ఆ ఎండాకాలమంతా మధ్యాహ్నం పూట గోడన్న తొడుగులు మార్చుకోవడానికి స్టోర్స్‌కి వచ్చేవాడు. అతనికి సరిపడే జత ఎప్పుడూ అడుగు అరలోనే ఉండేది, ఎంత వెతికినా చాలాసేపు దొరికేది కాదు. అతను ఏసీ ఎదురుగా నిలబడి, తొందర లేదు తమ్మీ, మెల్లగ దేవులాడు అనేవాడు. ఒకసారి ఫోర్‌మన్ వచ్చి, ఈ స్టోర్‌కీపర్‌కి తొడుగులెక్కడున్నాయో కూడా తెలియదని విసుక్కున్నాడు. అంత చదివినవాణ్ణి, ఆ నింద తలొంచుకుని పడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే, బెంచీ ఎక్కి ప్రపంచానికి నీతి చెప్పిన ఆ కుర్రాడి మీద నవ్వొస్తుంది. నేల మీద గొంతుక్కూర్చుని, ఎదురుగా కనబడుతున్న తొడుగుల కోసం వెతుకుతున్న కుర్రాడి మీద మాత్రం నవ్వు రావడానికి కాస్త ఆలస్యమవుతుంది.