నీడను కొలిచిన పది రోజులు

మేము లారీ దిగేసరికి సాయంత్రం నాలుగు ఇరవై. వాన అప్పుడే ఆగింది. డ్రైవరు ఇంజను ఆపగానే చెవుల్లో దూది పెట్టినట్టు నిశ్శబ్దం. ఎదురుగా ఆరు రేకుల బారకాసులు, ఒక జెండా కర్ర, ఒక వంటశాల. వాటి వెనక నుంచే అడవి మొదలై మబ్బులోకి ఎక్కిపోయింది. హిమాలయాల దిగువ కుమావున్ కొండలు. ఎత్తు ఆరువేల ఎనిమిది వందల అడుగులని బోర్డు మీద రాసి ఉంది.

నాకు ఇచ్చినవి మూడు కంబళ్ళు, ఒక ఉన్ని టోపీ, ఒక మగ్గు, ఒక చేతికర్ర. కర్ర నా ఎడమ తొడ కోసం. బర్మాలో అందులోకి దిగిన రెండు ఇనపముక్కల్ని తీసేశారు. యుద్ధం ఇంకా అక్కడ నడుస్తూనే ఉంది. మాలాంటివాళ్ళు కోలుకునేదాకా ఉండడానికి ఈ క్యాంపు.

ఇప్పటికీ సిద్దిపేటలో నన్ను ఎవరు కలిసినా అడిగేది ఒకటే: ఎంతమందిని చంపినవే అని. నేను ఈ క్యాంపు సంగతి చెబుతాను. కొందరు మధ్యలోనే లేచి వెళ్ళిపోతారు.

ఆ సాయంత్రం క్యాంపు మైదానం నట్టనడుమ ఒక మంచం కనిపించింది. మిగతా మంచాలన్నీ బారకాసుల్లో ఉన్నాయి. ఇదొక్కటే ఆకాశం కింద ఉంది. దాని మీద ఒక సిపాయి రబ్బరు గుడ్డ కప్పుకుని కూర్చున్నాడు. గుడ్డ అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"వైర్‌లెస్‌వాడు. మీ హైదరాబాద్ వైపే" అన్నాడు వంటవాడు. "లోపల పడుకోడు."

నేను దగ్గరికి వెళ్ళి తెలుగులో అడిగాను.

"ఏ ఊరు తమ్మీ?"

అతను తలెత్తాడు. చాలాసేపు నా నోటివైపే చూశాడు. "కోహెడ" అన్నాడు.

"నాది దుబ్బాక."

"సిద్దిపేట దుబ్బాకనా?"

"గదే."

"గంత దూరంకెల్లి వచ్చి గీడ కలిసినమా అన్నా!" అన్నాడు. నవ్వబోయి ఆగిపోయాడు.

అతని పేరు మల్లయ్య. కానీ ఆ రోజు నుంచి నేనతన్ని కోహెడ అనీ, అతను నన్ను దుబ్బాక అన్నా అనీ పిలుచుకున్నాం. లోపల ఎందుకు పడుకోవని అడిగితే బారకాసు వైపు వేలు చూపించాడు. రేకుల మీదికి, దొరలు ఓక్ అనే సింధూరపు చెట్టు కొమ్మ ఒకటి వంగి ఉంది.

"చెట్టు కిందికి వోతే నాకు వశం గాదన్నా. పైన ఎవడో ఉన్నట్టే ఉంటది."

మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. బర్మా అడవిలో అతని వీపు మీద వైర్‌లెస్ సెట్టు. బ్యాటరీ మోసే జతగాడు పక్కనే. చెట్టు మీద దాక్కున్న శత్రువు ఒకే గుండు కాల్చాడు. జతగాడు పడిపోయాడు. కోహెడ అతని పక్కనే మూడు గంటలు కదలకుండా పడుకున్నాడు, కదిలితే రెండో గుండు వస్తుందని. ఏ చెట్టు మీది నుంచి వచ్చిందో మాత్రం చివరిదాకా తెలియలేదు. అందుకే ఇప్పుడు అన్ని చెట్లూ ఆ చెట్టే.

మర్నాడు తొమ్మిది గంటలకు డాక్టర్ సాబ్ నన్ను పిలిచాడు. ఆయన మేజర్. మెల్లగా మాట్లాడేవాడు.

"అతన్ని చూశావుగా. పదకొండు రోజుల్లో మెడికల్ బోర్డు కూర్చుంటుంది. ఇప్పుడున్నట్టు ఉంటే కింద మైదానంలోని పిచ్చాసుపత్రికి పంపుతారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు తొందరగా బయటికి రారు."

"ఇంటికి పంపరా సాబ్?"

"అడవిలోకి వెళ్ళి, ఒక్క పగటిలో, తన కాళ్ళ మీద తిరిగి వచ్చాడని నేను రాయగలిగితే పంపుతారు. నీకు అతని భాష వచ్చు. ప్లాను నువ్వు వెయ్యి. పదో రోజు బయలుదేరండి. సాయంత్రం అయిదు గంటల హాజరుకి లోపల ఉండాలి."

అలా లాన్స్ నాయక్‌నైన నాకు, కుంటికాలితో, ఒక పగటి ప్రయాణాన్ని తయారుచేసే పని పడింది. మర్నాడే మొదలుపెట్టాను.

ఆ అడవిలో వేట నిషేధం. జంతువుల కోసం వదిలేసిన అడవి అది. దానికి ఒక ఫారెస్టు గార్డు ఉండేవాడు. యాభై ఏళ్ళ కొండమనిషి, నడుముకి చిన్న గొడ్డలి, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక ఆకు. అందరినీ భయ్యా అనేవాడు. అతన్ని తీసుకుని ఉదయం పూట దారి చూడడానికి వెళ్ళేవాణ్ణి. క్యాంపు నుంచి కొండ శిఖరం మీది పచ్చికమైదానం దాకా అయిదు మైళ్ళు. మొదటి మైలులో ఒక సరిహద్దు రాయి. తర్వాత నాచు పట్టిన సింధూరాలు, ఎర్రగా పూసిన బురాంశ్ చెట్లు. ఆ పూలు రాలి దారంతా పరుచుకునేవి. బూటు పెడితే చప్పుడయ్యేది కాదు. ఒక్కోసారి నేను నడుస్తున్నానో, మంచం మీదే పడుకుని నడుస్తున్నానని అనుకుంటున్నానో తెలిసేది కాదు.

నేను చూసింది దారిని కాదు, నీడని. ఒక ఖాళీ జాగా నుంచి ఇంకో ఖాళీ జాగా దాకా చెట్ల కింద ఎన్ని అడుగులు? మా ఇంట్లో నేత నేసేవాళ్ళం. నా దగ్గర ఎప్పుడూ కొంత నూలు ఉండేది. పది అడుగులకు ఒక ముడి వేసేవాణ్ణి. నీడ అయిపోగానే దారం తెంపి, కొత్త దారం మొదలుపెట్టేవాణ్ణి. నాలుగు రోజుల్లో జేబులో పందొమ్మిది దారాలు తయారయ్యాయి. అన్నింటికంటే పొడవైన నీడ మూడు వందల నలభై అడుగులు.

సాయంత్రాలు కోహెడ వంతు. క్యాంపు అంచున చెట్ల కిందికి అతన్ని నడిపించేవాణ్ణి. మొదటి రోజు ఎనిమిది అడుగులు వేసి వెనక్కి పరుగెత్తాడు. రెండో రోజు ఇరవై. అయిదో రోజు అరవై. అడుగడుగునా పైకి చూసేవాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకునేది.

"మంచిగనే వోతున్నవ్ తమ్మీ" అనేవాణ్ణి.

"మంచిగ ఏడున్నదన్నా? గుండె నోట్లెకొచ్చింది."

ఏడో రోజుకు తొంభై. అక్కడ ఆగిపోయాడు. మూడు వందల నలభై ఎక్కడ, తొంభై ఎక్కడ? నేను దారాలన్నీ గార్డు ముందు పరిచాను. అతను పొడుగుదాన్ని పట్టుకుని చూసి, ఆకు నములుతూ అన్నాడు:

"ఇక్కడ పక్కనే అగ్గిబాట ఉంది భయ్యా. అడవి అంటుకుంటే మంటలు దాటకుండా చెట్లు కొట్టేసిన పట్టీ. దాని మీద పోతే ఆకాశం కనబడుతూనే ఉంటుంది. ఒక మైలు ఎక్కువ."

ఆ దారినీ కొలిచాను. అన్నింటికంటే పొడవైన నీడ నూట పది. ఆ రాత్రి నాకు నిద్ర బాగా పట్టింది. డాక్టర్ సాబ్‌కి కాగితం ఇచ్చాను. బయలుదేరడం అయిదున్నర. అగ్గిబాట ఎనిమిది. శిఖరం పదకొండున్నర. గంట విశ్రాంతి. దిగడం పన్నెండున్నర. క్యాంపు నాలుగున్నర.

పదో రోజు అయిదున్నరకు బయలుదేరాం. గార్డు, నేను, కోహెడ. సామాను: మూడు నీళ్ళ సీసాలు, పన్నెండు పూరీలు, బెల్లం, వేయించిన శనగలు, ఒక రబ్బరు గుడ్డ, ఒక కట్టు, ఒక ఈల. ఆరుంబావుకు సరిహద్దు రాయి దాటాం. మొదటి నీడ నలభై. దాటాడు. రెండోది డెబ్బై. దాటాడు. ఖాళీ జాగా రాగానే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీల్చుకునేవాడు. నేను తర్వాతి దారం తీసి చూపించేవాణ్ణి. "గింతే తమ్మీ. గిన్ని ముడులే."

ఎనిమిదికి పది నిమిషాలు ఉండగా అగ్గిబాట చేరాం. అప్పుడే లోయలోంచి పొగమంచు ఎక్కింది.

ఉరుము లేదు, గాలి లేదు. ముందు లోయ పోయింది. తర్వాత ఎదుటి కొండ. తర్వాత గార్డు కాళ్ళు. అయిదు నిమిషాల్లో ఆకాశమూ లేదు, చెట్లూ లేవు. ఎక్కడ నీడ మొదలవుతుందో, ఎక్కడ అయిపోతుందో తెలియని ఒకే తెలుపు. దారాలన్నీ నా జేబులోనే ఉన్నాయి. ఒక్కటీ పనికిరాదు.

"మర్లిపోదామా తమ్మీ?" అన్నాను.

"మర్లిపోతే పిచ్చి దవాఖానే గదా" అన్నాడు. "నీ బుజం మీద చెయ్యేస్తన్నా. నువ్వు ముంగట నడువు."

నడిచాం. అతని చెయ్యి నా భుజాన్ని పట్టుకారులా నొక్కింది. కొమ్మల మీది మంచు చుక్కలుగా రాలుతోంది. ఎర్రపూలు ఒక్కొక్కటీ తెలుపులోంచి ఊడిపడి కాళ్ళ దగ్గర కనిపిస్తున్నాయి. పావుగంట గడిచిందో, గంట గడిచిందో.

ఉన్నట్టుండి పక్కనే భౌమని అరుపు.

కోహెడ నన్ను కిందికి లాగి నా మీద పడ్డాడు. నా గాయం భగ్గుమంది. ముఖాలు తడి ఆకుల్లో. అతని గుండె నా వీపు మీద దడదడ కొట్టుకుంటోంది. గార్డు మాత్రం నిలబడే ఉన్నాడు.

"కాకడ్ భయ్యా. కుక్కలా అరుస్తుంది గానీ జింక. లేవకండి, చూడండి."

తెలుపులోంచి అది వచ్చింది. ఎర్రటి వొళ్ళు, మేకపిల్లంత. మాకు పది అడుగుల దూరంలో నిలబడింది. ముందుకాలు ఒకటి పైకెత్తి అలాగే ఉంచింది. దాని ముక్కులోంచి వచ్చే ఆవిరి కూడా కనబడింది. మా వైపు చూసి చూసి, తొందర లేకుండా అగ్గిబాట దాటి, మళ్ళీ తెలుపులో కలిసిపోయింది.

కోహెడ గుసగుసగా అడిగాడు. "గది ఉరకదేందన్నా? మనుషుల్ని జూస్తే ఉరకాలె గద."

నేను గార్డుకి హిందీలో చెప్పాను. గార్డు నవ్వాడు.

"ఎందుకు పరుగెత్తుతుంది? తుపాకీ దానికి తెలియదు. దాని తల్లికీ తెలియదు. కింద మనం దాటిన రాయి ఉంది కదా, దాన్ని దాటి ఒక్క తుపాకీ రాదు. కలెక్టరయినా చౌకీలో పెట్టి రావలసిందే. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ ఉన్నాను. ఈ చెట్ల మీద కోతులు కూర్చుంటాయి, పక్షులు కూర్చుంటాయి. మనిషి కూర్చోగా చూడలేదు."

నేను తెలుగులో చెప్పాను. కోహెడ లేచి కూర్చున్నాడు. చొక్కాకి అంటుకున్న తడి ఆకులు దులుపుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"గీ ముచ్చట నీకు ఎర్కేనా?"

"ఎర్కే."

"మరి పది దినాల సంది నాకొక్కనాడు చెప్పకపోతివేందన్నా?"

రోజూ ఆ రాయి పక్క నుంచే వెళ్ళాను. "నీడల్నే కొలుసుకుంట వోయిన తమ్మీ" అన్నాను. "గది యాదికి రాలే."

అతను నన్ను లేపి నిలబెట్టాడు. మళ్ళీ నడిచాం, అతని చెయ్యి నా భుజం మీద. కొంతదూరం పోయాక భుజం తేలికయింది. వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. తెలుపు. ఈల తీసి నోట్లో పెట్టుకునేలోగా ముందు నుంచి గొంతు వినిపించింది.

"దుబ్బాక, దుబ్బాక. నేను కోహెడ. వినవడుతుందా? ఓవర్."

వైర్‌లెస్ గొంతు. తేటగా, తొణక్కుండా.

"వినవడుతుంది కోహెడ. ఏడున్నవ్? ఓవర్."

"ముంగటనే ఉన్న. పెద్ద చెట్టు కింద. నువ్వే ఎనకవడ్డవ్. ఓవర్."

శిఖరం చేరేసరికి పన్నెండు. పచ్చికమైదానం మీద మంచు లేదు. ఉత్తరాన హిమాలయాలు ఆకాశంలో ఎవరో ఆరేసిన తెల్ల బట్టల్లా ఉన్నాయి. పూరీలు తిన్నాం. కోహెడ మైదానం నడుమ కూర్చోలేదు. అంచున ఒక బురాంశ్ మొదలుకి వీపు ఆనించాడు. తింటూ తింటూనే నిద్రపోయాడు, చేతిలో బెల్లంముక్కతో. రెండేళ్ళుగా పగలు అతను కన్ను మూయలేదని డాక్టర్ సాబ్ చెప్పాడు నాకు.

ఒంటిగంటకు లేపాలి. గార్డు నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. పూలు రాలి అతని ఒళ్ళో పడుతున్నాయి. రెండుంబావు దాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

క్యాంపు చేరేసరికి అయిదూ నలభై. గేటు దగ్గర హవల్దార్ మేజర్.

"ఆలస్యం ఎందుకయింది?"

"నా కాలు సాబ్" అన్నాను.

"ముందే చూసుకోవద్దా? మూడు రోజులు వంటశాల పని."

మూడు రోజులు ఆలుగడ్డలు ఒలిచాను. మొదటి రోజే వంటశాల కిటికీలోంచి కోహెడ కనిపించాడు, మైదానం నడుమ ఉన్న మంచాన్ని తనే ఈడ్చుకుంటూ బారకాసులోకి తీసుకుపోతున్నాడు.

బోర్డు పావుగంటలో అయిపోయింది. అతన్ని ఇంటికి పంపమని రాశారు. నా కాలు ఇక కవాతుకి పనికిరాదని నన్నూ పంపేశారు. వైశాఖంలో కొండ దిగాం. మూడు రోజులు రైలు. హైదరాబాద్ నుంచి సిద్దిపేటకు బస్సు. దుమ్ము, వేడి, మా భాష. బస్సు కిటికీలోంచి వినబడిన ప్రతి మాటకీ కోహెడ నవ్వుతూనే ఉన్నాడు.

నేను ముందే కార్డు రాశాను. అయినా ఎవరొస్తారని అనుకోలేదు. బస్సు ఆగినచోట ఒక సన్నటి ముసలమ్మ నిలబడి ఉంది. కోహెడ ఊరి నుంచి రెండు రోజులు నడిచి వచ్చింది. ఒక చేతిలో నీళ్ళముంత. కొడుకు దిగగానే రెండు చెంపలూ నిమిరింది. చెవులు, మెడ, భుజాలు తడిమి చూసింది.

"అన్నీ ఉన్నయా కొడకా?"

"అన్నీ ఉన్నయవ్వా."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వేనా బిడ్డా కార్డు రాసింది? సల్లగుండు."

ఎండ నెత్తిన మండుతోంది. వాళ్ళు తూర్పుకి, నేను పడమరకి పోవాలి. కోహెడ నా చెయ్యి పట్టుకున్నాడు, వదిలేశాడు. పది అడుగులు వేశాక వెనక్కి తిరిగి చూశాను.

రోడ్డు పక్కన ఒక చింతచెట్టు ఉంది. "జర నీడకు నిలవడదాం అవ్వా, కాళ్ళు కాలుతున్నయ్ నీకు" అంటూ తల్లి చెయ్యి పట్టుకుని అతనే దాని కిందికి నడిపించాడు. ఆమె ముంత ఇచ్చింది. అతను తల పూర్తిగా వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, గటగటా తాగుతున్నాడు. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా అతని ముఖం మీద కదులుతోంది.