మామ తలకిందులుగా చూసిన అక్షరాలు

మా పాపకు మూడు రోజులుగా జ్వరం తగ్గక ఈ సాయంత్రం ఉప్పల్‌లో డాక్టరు దగ్గర గుండె చిక్కబట్టుకుని కూర్చున్నప్పుడు, పక్కనున్న తల్లి తన కొడుకుకు ఒక పిల్లల మాసపత్రిక చదివి వినిపిస్తోంది. ఆ పత్రికలోని అక్షరాలు నేను గీసినవి. కాసేపు భయం మరుపున పడింది. మామూలు జ్వరమేనన్నారు, పాప నిద్రపోయింది కనుక ఇది రాస్తున్నాను.

పెళ్లికి ముందు నేను నాచారంలో ఓ చిన్న డిజైన్ ఆఫీసులో పనిచేసేదాన్ని. మా మేనమామ ఒకప్పుడు ఒక వారపత్రికకు ఆర్ట్ డైరెక్టర్. కథల పేర్లను నల్ల కాగితంలోంచి బ్లేడుతో కోసి అతికించి, సగం పేజీ ఖాళీగా వదిలేవారు. కాగితం దండగని యజమాని సణిగితే, కంటికీ కూర్చునే చోటుండాలి కదా అనేవారట. పత్రిక మూతపడి, చేయి వణకడం మొదలయ్యాక మా ఇంట్లోనే ఉండేవారు. ఆయన కోసిన అక్షరాలు ఒక బిస్కెట్ డబ్బాలో మిగిలాయి, వర్ణమాలలో సగం కూడా లేవు.

పిల్లల పత్రికవాళ్లు తమకంటూ ఒక ఫాంట్ కావాలని మా ఆఫీసుకు వచ్చినప్పుడు, మామ చేతిపని ఆ డబ్బాతోనే ఆగిపోకూడదన్న ఆరాటంతో, అందులోని అక్షరాల పోలికలోనే నేను చేస్తానన్నాను. తొందరలో వత్తులకు మామూలు అక్షరాలనే కంప్యూటర్లో చిన్నవి చేసి, సన్నబడ్డాయని మందం పెంచాను. అచ్చుతీసిన పేజీ ఇస్తే ఆయన చదవలేదు, చదవడంలో పడితే అక్షరం ఆకారం కనబడదంటూ తలకిందులుగా గోడకు అంటించి, వెనక్కి నడిచి వంటింటి గడప దగ్గర నిలబడ్డారు. వత్తులున్న చోటల్లా నల్లటి మచ్చలు.

"సూడు బిడ్డా, బెల్లం మీద ఈగలు వాలినట్టున్నయ్."

"మెషీన్ల గట్లనే వస్తది మామా."

"మెషీన్‌దేమున్నది, నువ్వు జెప్పిందే జేసింది."

ఆ తర్వాత నాలుగు నెలలు ప్రతి వత్తునూ విడిగా గీశాను. ఆదివారం ఆదివారం ఒక పేజీ గోడెక్కేది, ఆయన వేలు పెట్టిన చోటల్లా మళ్లీ మొదలు. గడువుకు ముందరి చివరి ఆదివారం ఆయన చాలాసేపు చూసి ఎక్కడా వేలు పెట్టలేదు. పేజీ ఊడదీసి, తిన్నగా పట్టుకుని, అందులోని కోతి కథ చదవసాగారు. ఎట్లుంది మామా అని అడిగితే, "జర ఆగు, కోతి ఏమైందో సూడనియ్" అన్నారు. అంతకు మించిన మెప్పు నాకు ఇంతవరకూ దొరకలేదు. పత్రిక చివరి పేజీలో మా ఇద్దరి పేర్లూ పడ్డాయి.

ఇప్పుడు ఫోనులోనే ఫాంట్లు కుప్పలుగా దొరుకుతున్నాయి, మన ఈడువాళ్లం ఏదో ఒకటి ఎంచుకుని నిమిషాల్లో శుభలేఖ వేసేస్తున్నాం. మామ లేరు. కొత్తగా ఏదైనా గీస్తే అందులో తప్పు నాకే కనబడుతుంది, ఆ చూపు ఆయనిచ్చిందే. కానీ పని పూర్తయిందని ఎక్కడ ఆపాలో తెలియడం లేదు, కథలో మునిగిపోయి నన్ను ఆగమనేవారు ఇంట్లో లేరు.