సీలు విప్పని బ్యాండేజీలు

మా పిన్ని మందులు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. నోటి దురుసు మనిషని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు లెండి.

మొన్న సరిహద్దు దగ్గరి మిలిటరీ గోదాం నుంచి ఆవిడకి ఓ పెట్టె వచ్చింది. నిండా పాత బ్యాండేజీలు. ఇంకా పనికొస్తాయేమో చూడమన్నారు. పెట్టె మీదున్న తయారీ సంవత్సరం చూసి పిన్ని మొహం మాడిపోయింది. అది మా తాతయ్య వెళ్లిన యుద్ధానికి ముందు ఏడాది.

ఆ యుద్ధంలో, అదే సరిహద్దులో, తాతయ్య కాలికి తూటా తగిలింది. బ్యాండేజీలు లేవని ఆయన చొక్కానే చింపి కట్టారు. గాయం చీము పట్టి, చివరికి కాలు తీసేశారు. "స్టాకు లేకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారమ్మా" అని పోయేదాకా పిన్నికి సర్దిచెప్పేవాడు. ఆ మంచితనం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

పిన్ని సీలు కత్తిరించి చూసింది. గుడ్డ మల్లెపువ్వులా ఉంది. నీళ్లు పోస్తే ఇట్టే పీల్చేసింది. ఎన్ని రోజులు ఉంచి చూసినా ఒక్క క్రిమీ పెరగలేదు.

ఫలితం విని గోదాం అధికారి మురిసిపోయాడు. "చూశారా మేడమ్, ఎంత భద్రంగా దాచామో."

"దాచారండీ," అంది పిన్ని. "మా నాన్న చొక్కా చింపుతున్నప్పుడు కూడా ఇంతే భద్రంగా దాచారు."