అక్కను అడగని మొక్కు

శుక్రవారం సాయంత్రం బట్టల అంగడిలో చీరలు మడతపెడుతుండగా అక్క నుంచి ఫోను వచ్చింది. ప్రొద్దుటూరు శివారులో, మైదుకూరు పోయే దారిలో ఉన్న మానసిక వైద్యశాలలో ఆమె చేరి అప్పటికి నెల దాటింది. అక్కడ సాయంత్రం పూట రోగులు నర్సు ముందర నిలబడి ఇంటికి మాట్లాడుకోవచ్చు. మామూలుగా అక్క జమ్మలమడుగులో తన పిల్లలు బడికి పోతున్నారా, బావ వేళకు తింటున్నాడా అని అడిగి పెట్టేస్తుంది. ఆ రోజు గొంతు బాగా తగ్గించింది.

"పాపా, సోమవారం మంగలాయన వస్తాడంట. నాకు గుండు చేస్తారంట."

"ఎందుకు?"

"పేలు పడినాయి. వార్డులో అందరికీ పడినాయి. దానికి గుండేనా? వద్దంటే నర్సమ్మ నవ్వుతాంది. మీ ఇంట్లో వాళ్ళకు తెలుసులే అంటాంది. నీకు తెలుసునా?"

తెలియదని చెప్పాను. నమ్మిందో లేదో. వెనక ఎవరో తమ వంతు కోసం తొందర పెడుతున్నారు. ఫోను ఆగిపోయింది. తర్వాత వచ్చిన గిరాకీకి నేను ఏ రంగు చీర చూపించానో కూడా గుర్తు లేదు.

అక్కకు ఆ జబ్బు ఎప్పుడు మొదలైందో మాలో ఎవరికీ సరిగా తెలియదు. రాత్రులు నిద్ర పట్టేది కాదు. ఎవరూ లేనిచోట మాటలు వినిపించేవి. ఒకరోజు పొయ్యి మీద ఎసరు అట్లాగే వదిలి పెన్నేటి దాకా ఒంటరిగా నడిచిపోయింది. అప్పుడు బావ, అమ్మ కలిసి ఈ వైద్యశాలలో చేర్పించారు. మందులు పనిచేస్తున్నాయి. ఈమధ్యే మళ్ళీ నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టింది.

నేను పదో తరగతితో బడి మానేసినదాన్ని. మిగిలిన చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. అంగడికి సెలవు దొరికినప్పుడల్లా అక్కడే కూర్చుంటాను. ఇంగ్లీషు కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని అక్కడే నేర్చుకున్నాను. అది చెప్పుకోవడం నాకు ఇష్టం, దాచను. అక్కను చేర్పించిన వారంలోనే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తీసి మొదటి నుంచి చివరి దాకా చదివాను. రోగికి తన బట్టలు తాను కట్టుకునే హక్కు ఉంది. ఇంటివాళ్ళతో మాట్లాడే హక్కు ఉంది. బలవంతంగా గుండు చేయరాదు అని కూడా ఒక వాక్యం ఉంది. చట్టంలో గుండు గురించి రాయవలసిన అవసరం ఏమొచ్చిందా అని అప్పుడు ఆశ్చర్యపోయాను. ఇప్పుడు ఆ వాక్యం నిజంగా అక్కడ ఉందా, నేను ఊహించుకున్నానా అని భయం పట్టుకుంది. ఫోనులో వెతికితే దొరికింది. కానీ ఫోను చూపిస్తే ఎవరు లెక్కచేస్తారు? అచ్చయిన పేజీ కావాలి. శుక్రవారం గ్రంథాలయానికి సెలవు.

శనివారం తలుపులు తీసేసరికే మెట్ల మీద ఉన్నాను. ఇరవయ్యో సెక్షన్ ఉన్న పేజీకి జిరాక్సు తీయించుకుని, ఆ వాక్యం కింద గీత గీసుకున్నాను. కొంచెం ధైర్యం వచ్చింది. అప్పుడు అమ్మకు ఫోను చేశాను. అమ్మ పులివెందుల దగ్గర, వేముల వైపు పల్లెలో ఉంటుంది.

"మా, అక్కకు గుండు చేస్తారంట. నీకు తెలుసునా?"

"తెలియకేమి? నేనే సరే అని చెప్పినా."

ఎందుకు చెప్పావని అడగబోయాను. అమ్మే అందుకుంది.

"డాక్టరు పేలు పడినాయని చెప్పినాడు. ఎట్లాగూ దానికి బాగైతే తలనీలాలు ఇస్తానని కొండకు మొక్కుకోనుండా గదా. ఈడ తీసిన ఎంట్రుకలు పసుపు గుడ్డలో కట్టుకోని పోయి హుండీలో ఏస్తా. పేలూ పోతాయి, మొక్కూ తీరుతాది."

"అక్కను అడిగినావా?"

"పిల్లోళ్ళకు పుట్టెంట్రుకలు తీసేటప్పుడు వాళ్ళను అడుగుతామా?"

"అక్క పిల్లోళ్ళకు తల్లి మా."

"బాగలేనోళ్ళు పిల్లోళ్ళతో సమానం. ఇంకోటి ఇను. అది జమ్మలమడుగుకు పోయినాక గుండు చూసి ఎవరన్నా అడిగితే, కొండకు పోయింటిమి అంటే సరి. ఇన్నాళ్ళు యాడ పోయిందని ఎవరూ నోరు తెరవరు. నేను అన్నీ ఆలోచన చేసుకోనే చెప్పినా."

అమ్మ నిజంగానే అన్నీ ఆలోచించింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. వైద్యశాల వాళ్ళ మీద మాత్రమే కోపం పెట్టుకుని ఉంటే నాకు దారి సులువుగా ఉండేది. ఆదివారమంతా ఆ పేజీని ముందర పెట్టుకున్నాను. బలవంతంగా చేయరాదు అని ఉంది. ఎవరి బలవంతం? అందులో తల్లి మాట ఎక్కడా లేదు. నేను గొడవ చేస్తే కోపంతో అక్కను ఇంటికి పంపేస్తారేమో. నేను వచ్చేసిన తర్వాత ఆమెను సతాయిస్తారేమో. మొక్కు ఆపినందుకే జబ్బు తిరగబెట్టిందని రేపు అమ్మ అంటే ఏం చెప్పాలి? నేను దేవుణ్ణి నమ్మనిదాన్ని కాదు.

సోమవారం అంగడికి సెలవు పెట్టి వెళ్ళేసరికి మంగలాయన వరండాలో పెట్టె తెరిచి కూర్చుని ఉన్నాడు. ఒకామెకు అప్పటికే పని అయిపోయింది. ఆమె తువ్వాలు తల మీద వేసుకుని ఎండలో గోడకు ఆనుకుని కూర్చుంది. మొదటి బస్సుకే వచ్చిన అమ్మ డాక్టరు గదిలో ఉంది. డాక్టరు కుర్చీ వెనక లైసెన్సు అద్దం కట్టించి తగిలించారు. దాని పక్కన రోగుల హక్కుల పట్టిక, అంతా ఇంగ్లీషులో ఉంది.

నేను పేజీ అందించాను. డాక్టరు కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"ఇది ఎక్కడిదమ్మా?"

"లైబ్రరీలోది సార్."

"లా చదువుతున్నావా?"

"లేదు సార్. బట్టల అంగట్లో పని. చదివేది లైబ్రరీలో."

"ఇది మాకు తెలియనిది కాదు. ఇక్కడ బలవంతం ఏమీ లేదు. మీ అమ్మగారు ఒప్పుకున్నారు."

"ఒప్పుకోవాల్సింది అక్క కదా సార్."

అమ్మ నా వైపు చూడకుండా డాక్టరుతోనే అంది. "దాని మాట పట్టుకోవాకండి సార్. నాలుగు పుస్తకాలు చదివి దేవునికే చట్టం చెప్తాంది."

"ఆమెను పిలిపించి మీ ముందరే అడగండి. సరే అంటే నేను మాట్లాడకుండా పోతా," అన్నాను.

అన్న తర్వాత గుర్తొచ్చింది. అక్క ఈ నెలరోజుల్లో ఏది అడిగినా సరే అనడమే నేర్చుకుంది. మాత్ర మింగు అంటే సరే, పడుకో అంటే సరే. అమ్మ కళ్ళ ముందు, డాక్టరు ముందు ఇంకో సరే అనడం ఆమెకు ఎంత పని? నా నోటితోనే నేను దారి మూసేశానేమో అనిపించింది.

నర్సు అక్కను తీసుకొచ్చింది. కొంగు తల మీద బిగించి, అంచులు రెండు చేతులతో పట్టుకుని ఉంది. డాక్టరు అడిగాడు. అక్క నేల చూసింది, అమ్మను చూసింది, నన్ను చూసింది. నేను పెదవి కదపలేదు. కదిపితే నా మాటే అవుతుంది.

"పేలకు మందు పెట్టండి సార్," అంది చివరికి. "గుండు వద్దు."

"మొక్కు పాపా," అంది అమ్మ. "దేవునితో పెట్టుకోకూడదు."

"మొక్కింది నువ్వు. నీకూ తల ఉండాది గదమా."

నర్సు మొహం తిప్పుకుని నవ్వింది. డాక్టరు కూడా. అమ్మ నవ్వలేదు.

"మళ్ళా జమ్మలమడుగులో అడిగితే ఏం చెప్తావు?"

"ఆస్పత్రిలో ఉన్యా అని చెప్తా. గుండు చూపిచ్చి ఒకసారి అబద్ధం చెప్పొచ్చు. నెలనెలా మందులకు వస్తా గదా, అప్పుడేం చూపియ్యాల?"

డాక్టరు పేజీని బల్ల మీద పెట్టుకుని, మందే పెడదాం, ఇంటివాళ్ళెవరైనా వచ్చి రోజూ తల దువ్వాలి అన్నాడు. తగ్గకపోతే అప్పుడు చూద్దాం అన్నాడు. "అప్పుడూ నన్నే అడగండి సార్," అంది అక్క. ఆ మాటకు ఆయన తల ఊపాడు.

బయట ఎండలో కూర్చున్న ఆమెను ఎవరైనా అడిగారా అని నేను అడిగాను. "ఆమెకు ఎవరూ లేరమ్మా," అన్నాడు డాక్టరు. బల్ల మీది పేజీని ఇంకోసారి చూసుకున్నాడు. మంగలాయనను పంపేయమని నర్సుకు చెప్పాడు.

మందు పట్టించి, తల కడిగి, అక్కను వరండా చివర కూర్చోబెట్టారు. అమ్మ వెనక కూర్చుని పేల దువ్వెనతో దువ్వడం మొదలుపెట్టింది. దువ్వినప్పుడల్లా దువ్వెనను తెల్ల కాగితం మీద దులుపుతుంది. దువ్విన పాయనే మళ్ళీ మళ్ళీ దువ్వుతుంది. కోపమా, భయమా నాకు తెలియలేదు. భయమే అయితే అది నాకూ అంటుకుంది. ఈ రాత్రి అక్కకు మళ్ళీ ఆ మాటలు వినిపిస్తే? రేపు నిద్ర పట్టకపోతే? ఆ పేజీలో నాకు జవాబు లేదు.

అక్క కళ్ళు మూసుకుంది. ఎండ మెట్ల దాకా వచ్చింది. సగం తల దువ్వడం అయింది.

"పాపా," అంది అమ్మ. పిలిచింది నన్ను కాదు. "బాగైనాక కొండకు పోదాం. ఆడ తలనీలాలు ఇయ్యడం నీకు ఇష్టమేనా?"

అక్క కళ్ళు తెరిచింది. అమ్మ దువ్వెన ఆపి, ఆమె చెప్పేదాకా కాచుకుని కూర్చుంది.