ఎనిమిది నిమిషాల చీకటి

ఇరవై ఏళ్లు వీధి దీపాలు వెలిగించి బతికినవాడు, ఇప్పుడు ఇళ్లలో దీపాలు ఆర్పించి బతుకుతున్నాడు. అందుకే వీధంతా ఆయన్ని చీకటాయన అంటుంది. మొహం మీదే అంటుంది.

చెప్పుకోవడానికి గొప్ప పనే. కొండ మీది గుమ్మటంలో పెద్ద టెలిస్కోపు ఉంది. పొద్దుగూకాక ఒక ఉపగ్రహం ఎనిమిది నిమిషాల పాటు నెత్తి మీదుగా పోతూ వెలుగును రవ్వలు రవ్వలుగా రాలుస్తుంది. ఆ రవ్వలతో ఇక్కడొక తాళంచెవి, సముద్రాల అవతల అచ్చం అలాంటిదే ఇంకొకటి తయారవుతాయి. పెద్దవాళ్లు తమ రహస్యాలకు వేసుకునే తాళం అదే. దారిలో ఎవడైనా తొంగిచూశాడా, రవ్వలు చెడిపోయి గుట్టు బయటపడుతుంది. ఇంత తెలివైన ఏర్పాటూ కింద ఒక్క ట్యూబులైటు వెలిగితే గంగలో కలుస్తుంది.

రెండు సాయంత్రాలుగా కలుస్తూనే ఉంది. "ఇవాళ కూడా తప్పిందంటే రేపట్నించి రావద్దు" అంది గుమ్మటంలోని ఇంజనీరమ్మ.

ఆ ట్యూబులైటు దర్జీ కొట్టుది. దర్జీ చీకటాయనకు సొంత అక్క మొగుడు. చీకటాయన తండ్రి వదిలిపోయిన పాత బీరువా ఎవరికన్న పంచాయితీలో ఇద్దరికీ మూడేళ్లుగా మాటల్లేవు. ఆ బీరువా ఇద్దరి గుమ్మాల్లోనూ పట్టదు. చీకటాయన ఊరందరి తలుపులూ తట్టాడు గాని, ఆ గడప మాత్రం తొక్కలేదు.

ఉపగ్రహం రావడానికి ఇంకో రెండు నిమిషాలుందనగా తొక్కాడు.

"బావా, లైటు ఆర్పెయ్."

"ఒసే, ఎవరో వచ్చారు చూడు" అని లోపలికి కేకేశాడు దర్జీ, మిషను ఆపకుండానే.

"నేనే. ఎనిమిది నిమిషాలు చాలు. లేదంటే నా ఉద్యోగం పోతుంది."

"ఏమిట్రా అంత రహస్యం?"

"నాకు వాళ్లు చెబుతారా?"

"తెలియని రహస్యానికి కాపలా! నీకు తగ్గ పనే."

అక్క వచ్చింది. ఇద్దర్నీ చూసి, టక్కున లైటు ఆర్పేసింది.

"చొక్కా సగంలో ఉందే!"

"నీ నోరు కూడా సగంలో ఆపు."

దర్జీ పంతానికి చీకట్లోనే మిషను తొక్కాడు. తొక్కుతూ తిట్టాడు. స్విచ్చికి అడ్డంగా నిలబడి చీకటాయన కూడా తిట్టాడు. మూడేళ్ల సరుకు, దేనికీ కొదవ లేదు. నెత్తి మీద రవ్వలు నిశ్శబ్దంగా రాలాయి.

ఫోను మోగింది. "తాళంచెవి కుదిరింది. రేపు కూడా ఇదే వేళకి" అంది ఇంజనీరమ్మ.

లైటు వేస్తే, చొక్కా చెయ్యి కాలరుకు కుట్టేసి ఉంది.

"రేపు మళ్లీ ఆర్పాలి బావా" అన్నాడు చీకటాయన, చొక్కా వైపు చూడకుండా.

"అయితే ఇంకాస్త ముందు రా. నా తిట్లు సగమైనా అవలేదు."