బుడంకాయ చుక్కలమందు

మా అల్లుడిది మాంసం కొట్టు. అతను కత్తి పట్టాడంటే ఎముకకు పిసరంత కూడా అంటుకుని ఉండదు. అలాంటివాడి కూతురు గుడ్డు రుచి కూడా ఎరగదంటే కొట్టుకి వచ్చినవాళ్ళు నవ్వేవారు.

అది మా అమ్మాయి పెట్టిన నియమం. కడుపుతో ఉన్నప్పుడు కొట్టు వెనక కట్టేసిన మేకపిల్ల ఆమె చెయ్యి నాకిందట. ఆ పూటనుంచి తను మాంసం, గుడ్డు, పాలు అన్నీ మానేసింది. "నీ పని నీది, నా బిడ్డ కంచం నాది" అని మొగుడితో చెప్పేసింది. తన పాలు మాన్పించాక పిల్లకు వేరే పాలు కూడా పట్టలేదు. పప్పు, చిక్కుడు గింజలు, మెత్తగా నూరిన వేరుశనగ, మెదిపిన పళ్ళు, అంతే. పిల్ల మాత్రం గుండ్రంగా ఉండేది. బుడంకాయ అని పిలిచేవాళ్ళం.

అంతలోనే జ్వరం వచ్చి మా అమ్మాయి పోయింది. పిల్లకోసం నేను ఆ ఇంట్లో ఉండిపోయాను. అల్లుడు కొట్టునుంచి వచ్చి, మోచేతులదాకా సబ్బు రుద్దుకుని, తనే పిల్లకు తినిపించేవాడు. తిండిలో ఏ లోటూ రానివ్వలేదు.

అయినా ఎండలు ముదిరేసరికి పిల్ల పాలిపోయింది. గోడ పట్టుకుని నిలబడే పిల్ల కూర్చున్నచోటే ఒరిగిపోతోంది. చెంచా అందుకోబోతే చెయ్యి వణికింది.

మా వీధిలో ఇస్త్రీ బండి పెద్దమ్మ ఊరుకోలేదు. "ఊరందరిదీ ఒక దారి, మీ ఉలిపికట్టెది ఒక దారి. గుడ్డు ఉడికించి జావలో మెదిపెయ్. మీ అల్లుడికేం తెలుస్తుంది?" అంది. నేను గుడ్డు ఉడకేశాను కూడా. అల్లుడు గిన్నెలోకి చూశాడు. కోప్పడలేదు.

"అది పోయింది. దాని మాట కూడా పోవాలా అత్తయ్యా?" అన్నాడు.

పిల్లను ఎత్తుకుని ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ ఏమేం పెడుతున్నారో అన్నీ అడిగింది. తిండి బాగానే ఉందంది. తర్వాత, "మరి బి12 చుక్కలు?" అంది.

అల్లుడు నా మొహం చూశాడు. "ఏ చుక్కలు?"

ఆమె రాస్తున్న కలం ఆగిపోయింది. పాలూ గుడ్డూ లేని పిల్లలకు అవి తప్పనిసరట, ఆ విటమిన్ కూరగాయల్లో దొరికేది కాదట. "పాలు మాన్పించినప్పుడు వాళ్ళమ్మకు నేనే ఇచ్చాను కదయ్యా" అంది.

పిల్లకు సూది వేస్తుంటే ఏడుపు కూడా నీరసంగా వచ్చింది.

ఇంటికి రాగానే అల్లుడు బీరువా మీది డబ్బా దించాడు. మా అమ్మాయి పోయిన రోజు తన మందులన్నీ అందులో వేసి మూతపెట్టాడు. మళ్ళీ తెరిచే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. మాత్రల మధ్య చిన్న సీసా ఉంది, సగం నిండుగా. అతను తెల్లవారకముందే కొట్టుకు వెళ్ళిపోయే మనిషి. పొద్దుటిపూట తల్లి బిడ్డకు ఏం వేసేదో ఎన్నడూ చూడలేదు.

"దాని జ్వరం మందే అనుకున్నాను అత్తయ్యా" అని నేలమీద కూలబడ్డాడు. అంత మనిషి, చేతిలో ఆ బుల్లి సీసా.

ఇప్పుడు కొట్టు ఆలస్యంగా తెరుస్తున్నాడు. ఎవరైనా సణిగితే, "ముందు మా బుడంకాయ చుక్కలు, తర్వాతే మీ కూర" అంటాడు.

నిన్న పొద్దున కొత్త సీసా మూత తీస్తుంటే పిల్ల అతని మోకాలు పట్టుకుని లేచి నిలబడింది. అతను కదల్లేదు. మందు వెయ్యడం కూడా మరిచి, సీసా పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"నోరు తెరిచింది, వెయ్యి బాబూ" అన్నాను.