నీళ్ళ కింద మా వీధి

డెబ్భైల మొదట్లో మాకొక షికారు పడవ ఉండేది. పడవంటే ఒకటి కాదు, రెండు దోనెలు. అయ్య వాటిని పక్కపక్కన పెట్టి, వెదురు బొంగులు అడ్డంగా వేసి, అడ్డతీగ నారతో బిగించి, పైన పలకలు పరిచేవాడు. ఎండకి తడక కప్పు, కూర్చోడానికి కొత్త చాపలు. ఒక్క మేకు వాడింది లేదు. విశాఖపట్నం నుంచి ఘాటీ ఎక్కి వచ్చిన పెద్దింటివాళ్ళు పరుపులు, బాలీసులు, ట్రాన్సిస్టరు, ఐసుపెట్టె అందులో వేసుకుని, మచ్చకుండ ఆనకట్ట నీళ్ళ మధ్య లంకకి వెళ్ళి రెండ్రోజులు మహారాజుల్లా ఉండి వచ్చేవారు. లంకంటే మునక్కుండా మిగిలిన కొండ నెత్తి. వాళ్ళని తీసుకెళ్ళేదీ, వెదురు బొంగులో కోడిని కాల్చి పెట్టేదీ మా అయ్యే. గొప్పలు పోతోందంటారా, అనండి. ఉన్న గొప్ప చెప్పుకోడానికి సిగ్గెందుకు?

ఆ నీళ్ళ కింద మా ఊరుంది. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోతే మావాళ్ళు గొడ్డూ గోదా తోలుకుని పైకొచ్చేశారు. తర్వాత రెండేళ్ళకి నేను పుట్టాను. అప్పట్నుంచి మావాళ్ళలో మనుషులు రెండు రకాలు: కింద పుట్టినోళ్ళు, పైన పుట్టినోళ్ళు. పెళ్ళి మాటల్లో, పండగల్లో, తగువుల్లో కింద పుట్టినోళ్ళ మాటే చెల్లేది. నేను నోరు తెరిస్తే చాలు, “పైన పుట్టిన గుంటవి, నీకేటి తెలుసు?” అనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. నీళ్ళొచ్చాక పుట్టడం నా తప్పా?

అయ్య ఆ మాట ఎప్పుడూ అనలేదు. సాయంకాలం చోడి అంబలి తాగేటప్పుడు వాకిట్లో బొగ్గుముక్కతో ఊరు గీసి నాచేత అప్పజెప్పించుకునేవాడు. వేసవిలో నీరు తీస్తే మునిగిన చెట్ల మొద్దులు జానెడు లోతులోనే పొంచి ఉంటాయి. పడవ వాటికి తగలకుండా లంకకి వెళ్ళాలంటే ఒకటే దారి, మా ఊరి వీధి. రెండు కొండల మధ్య గండి, ఒడ్డున ఎండిన మద్దిచెట్టు ఒకే వరసలోకొస్తే కింద వీధి మొదలైనట్టు. ఎడమ పక్కంతా చింతతోపు, అటు పోకూడదు. కమ్మరి కొలిమి దగ్గర కుడికి తిరగాలి. అక్కణ్ణుంచి మా ఇంటికి తొమ్మిది గడపలు, గడపకి రెండుసార్లు తెడ్డు వెయ్యాలి. మా ఇంటి మీదికొచ్చాక అయ్య తెడ్డు ఆపి, నీళ్ళలోకి గుక్కెడు అంబలి వంచి, అప్పుడు కదిలేవాడు. ఎంత పెద్ద దొరని ఎక్కించుకున్నా అది మానలేదు. నేను ఒక్క గడప తప్పు చెబితే మళ్ళీ కొలిమి దగ్గర్నుంచి చెప్పించేవాడు. విసుగొచ్చి ఏడ్చిన రోజులూ ఉన్నాయి.

నాకు పదహారేళ్ళప్పుడు వేసవిలో, ఘాటీ దిగువ మైదానం నుంచి ఒక కాంట్రాక్టరు మోటారు లాంచీని లారీ మీద తెచ్చి దింపాడు. ఇకమీదట ఒడ్డునున్న సర్కారు బంగళాకొచ్చే షికారు జనాన్ని ఎవరు తీసుకెళ్ళాలో ఆదివారం తేలుస్తానన్నాడు బంగళా ఇన్‌ఛార్జి. విశాఖ రేవు నుంచి ఒక పెద్దాయన భార్యతో వస్తున్నాడు, రెండు పడవలూ రండి, ఏది బాగుందో ఆయన్నే అడుగుదామన్నాడు. ఆ పడవ పని పోతే అయ్యకి ఇంకేమీ లేదు. కూడు మాటకేం, కొండ మీద చోళ్ళు పండుతాయి. కానీ ఊరి మీదికి రోజూ వెళ్ళడానికి ఆయనకున్న సాకు ఆ పడవే.

సరిగ్గా శనివారం అయ్యకి చలిజ్వరం పట్టుకుంది. మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడుతున్నాయి. మా మావ, అంటే అమ్మ తమ్ముడు, నేనున్నానన్నాడు. కండ ఉంది గానీ ఆయనది వేరే కొండ, నీళ్ళ కింది దారి తెలియదు.

“నీ మావ తెడ్డేత్తాడు. దారి నువ్వు సెప్పాల,” అన్నాడు అయ్య దుప్పట్లోంచి.

“పైన పుట్టిందాన్ని, నాకేటి తెలుసు?” అన్నాను, భయానికి.

“బేగి ఎల్లు. అంబలి ముంత మరిసిపోకు.”

నన్ను చూసి ఇన్‌ఛార్జి మొహం మాడ్చుకున్నాడు. “గుంటని పంపించేడేటి? సామాను దాంట్లో ఎక్కించండి,” అన్నాడు. పెద్దాయనా ఆయన భార్యా, వాళ్ళతోపాటు ఇన్‌ఛార్జీ లాంచీలో గద్దె మీద కూర్చున్నారు. మడతకుర్చీలూ పరుపులూ మా పడవకొచ్చాయి. నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి.

లాంచీ భుగభుగమని పొగ వదులుతూ తిన్నగా లంక వైపు దూకింది. నేను లేచి నిలబడి కేకేశాను. “అటు ఎల్లకండి బాబూ, సింతతోపు.”

లాంచీ నడిపేవాడు చుట్టూ ఉన్న నీళ్ళని చూసి పగలబడి నవ్వాడు. “చింతతోపట. పండ్లు కోసుకొస్తాలే.”

తప్పు నాదే. మునిగిన మొద్దులున్నాయని చెప్పాలి గానీ, బయటివాళ్ళకి చింతతోపు అంటే ఏం తెలుస్తుంది? మావాళ్ళెవరూ మొద్దులు అనరు. మాకవి ఇప్పటికీ తోపే.

కాసేపటికి గరగరమని చప్పుడైంది. లాంచీ పంకా మొద్దుల మధ్య ఇరుక్కుని వంగిపోయింది. మేం తోపు అంచు పట్టుకుని మెల్లగా పక్కకి చేరేసరికి నడిపేవాడు నా మొహం చూడలేదు. పండ్లు కోశావా అని అడగాలని నాలుక దురద పెట్టింది గానీ మావ ఉరిమి చూశాడు. పెద్దాయన తన భార్యని చేయి పట్టుకుని మా పడవలోకి దింపి, తనూ దిగాడు. ఇన్‌ఛార్జి మాత్రం లాంచీతోపాటే ఉండిపోయాడు.

“ఇప్పుడెటు అమ్మా?” అన్నాడు పెద్దాయన.

“ఈదిలోకి ఎల్లాలి బాబూ.”

ఆయన నవ్వలేదు. “ఏ వీధి?” అని అడిగి, చెప్పిందంతా విన్నాడు.

కొలిమి దాకా బాగానే వచ్చాం. కుడికి తిరిగామో లేదో కొండల మీంచి మబ్బు దిగింది. గండి లేదు, మద్దిచెట్టు లేదు, తెల్లటి ఆవిరి తప్ప ఏమీ లేదు. రెండు పక్కలా మొద్దులే. మావ తెడ్డు ఎత్తి పట్టుకుని నా వైపు చూస్తున్నాడు. కళ్ళు మూసుకున్నాను. వాకిట్లో బొగ్గు గీత కనబడింది.

“ఎయ్యి మావా,” అన్నాను. పెద్దమ్మ గడప, రెండు తెడ్లు. డప్పు తాత గడప, రెండు తెడ్లు. గొర్రెలాయన గడప. మంత్రసాని అవ్వ గడప. నేనెన్నడూ తొక్కని గడపలన్నీ పైకే అంటూ పోయాను. తొమ్మిదోది అనగానే తెడ్డు ఆపించి, పొడుగు వెదురు గడ నీళ్ళలోకి దించాను. రెండు నిలువుల లోతున టక్కుమని రాయి తగిలింది. మా వాకిట్లో రోలు. అయ్య చెప్పగా విన్నదే, తగిలిందాకా నమ్మకం లేదు.

ముంత తీసి అంబలి వంచాను. ఎందుకని అడిగాడు పెద్దాయన. “మా ఇల్లు బాబూ,” అన్నాను. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆవిడ చెప్పులు విప్పేసింది. అక్కణ్ణుంచి లంకకి మబ్బులోనే తిన్నగా చేర్చాను. ఒక్క మొద్దూ తగల్లేదు.

మేం తిరిగొచ్చేసరికి లాంచీని ఎలాగో ఒడ్డుకి లాగించుకున్న ఇన్‌ఛార్జి చేతులు నలుపుకుంటూ ఎదురొచ్చాడు. పెద్దాయన ఆయనకి నెమ్మదిగా చెప్పాడు.

“ఎంత పెద్ద ఓడ వచ్చినా, దాని కెప్టెన్ ఎంతటివాడైనా, మా రేవులోకి రావాలంటే ఆ రేవు తెలిసినవాడు పక్కన నిలబడి దారి చెప్పాలి. పైలట్ అంటాం. ముప్ఫయ్యేళ్ళుగా నా ఉద్యోగం అదే. ఈ నీళ్ళకి పైలట్ ఈ అమ్మాయి.”

లాంచీ వచ్చిన లారీ మీదే పోయింది. నేను మాత్రం ఆ మాట ఇంటిదాకా మోసుకెళ్ళాను. అయ్య జ్వరం దిగి గోడకి ఆనుకుని ఉన్నాడు. పైలట్ సంగతి చెప్పబోతే చేత్తో ఆపేశాడు.

“రోలు తగిలిందా?”

“తగిలింది.”

అయ్య మొహం గోడకి తిప్పుకున్నాడు.

తర్వాత పండగకి పెద్దలంతా కూర్చున్నప్పుడు పడవ దారి మాటేదో వచ్చి నేను నోరు తెరిచాను. ఒక తాత అలవాటుగా కసిరాడు. “పైన పుట్టిన గుంటవి, కూకో.”

అయ్య లేచి నిలబడ్డాడు. “దాన్ని అలా అనకండి,” అన్నాడు. “అది మనింటికి ఎల్లొచ్చింది. మబ్బులో, ఒక్కత్తీ దారి సెప్పుకుని. అది కింద పుట్టిన గుంటే.”